తల్లి వేయాల్సిన బీగాలు

పోయిన వారం సుమను కోలారు పక్కన తమక ఊరి ఆస్పత్రి మెట్ల మీద నిలబెట్టి మనం మన పనుల మీద పోయాం. పాపం, ఆ పిల్ల వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఇక లోపలికి తీసుకుపోదాం.

ఈ వారమే మొదటిసారి చదువుతున్నవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. సుమ పుట్టింది రాయల్పాడు, మెట్టింది రాబర్ట్‌సన్‌పేట. భర్త మోహన్‌కుమార్ తెల్లారగానే రైలెక్కి బెంగళూరు పోయి, దీపాలు పెట్టాక ఇల్లు చేరే ఉద్యోగి. మంచివాడే, కానీ ఇంట్లో ఉండే గంటలు తక్కువ. సుమకు మూడుసార్లు నెల తప్పింది. మూడుసార్లూ కడుపులో బిడ్డకు బదులు ద్రాక్షగుత్తి పెరిగింది. నిజం ద్రాక్ష కాదు లెండి. బిడ్డకు అన్నం పెట్టాల్సిన మాయ ఉంటుంది చూశారూ, అదే అడ్డూ ఆపూ లేకుండా నీటిబుడగల గుత్తిలా పెరిగిపోయింది. బిడ్డ జాడ లేదు. మూడుసార్లూ తీసేశారు. మూడోసారి తర్వాత డాక్టర్ కుముద రక్తం తీయించి బెంగళూరుకు జన్యు పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చేదాకా మళ్ళీ కడుపు అన్న మాటే తలపెట్టొద్దని గట్టిగా చెప్పింది.

ఆ గట్టి మాట ఏ గాలికి పోయిందో మనకు తెలుసు. సుమకు మళ్ళీ నెల తప్పి, రెండో నెల కూడా దాటింది. కడుపు పరీక్ష కిట్ కొనడానికి రాబర్ట్‌సన్‌పేటలో వీధికొక మందుల షాపు ఉండగా, అందరూ మోహన్‌కుమార్‌ను ఎరిగినవాళ్ళే కదా అని ఆండర్సన్‌పేట దాకా ఆటోలో పోయి కొనుక్కొచ్చింది. రెండు గీతలూ చూసుకుని, దాన్ని పాత పేపర్లో చుట్టి చెత్తబండిలో పడేసింది. మొగుడికి చెప్పలేదు. తల్లికీ చెప్పలేదు. అందరికీ చెప్పి అందరి ముందూ ఏడ్చింది చాలు, ఈసారి ఏడిస్తే ఒక్కదాన్నే ఏడుస్తాను అనుకుంది. ఇంత మొండితనం పనికిరాదని నేనంటే మీరు ఊరుకోరు. మీరంతా సుమ పక్షమే, నాకు తెలుసు.

సరే, లోపలికి పోదాం.

డాక్టర్ కుముద గది చిన్నది. అందులో రాయల్పాడు నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన తల్లి తాయమ్మ, చెల్లెలు నేత్రావతి, మధ్యలో సుమ. తాయమ్మ వట్టి చేతులతో ఎవరింటికీ పోయే మనిషి కాదు. ఆస్పత్రి అయినా సరే. డాక్టరమ్మకని తోటలో మాగిన రసపూరి మామిడిపండ్లు సంచి నిండా మోసుకొచ్చి కుర్చీ కింద పెట్టింది. ఆ వాసన గదంతా కమ్ముకుంది. చిన్నప్పుడు చెట్టెక్కి ఆ పండ్లే తిన్న సుమకు ఇప్పుడు కడుపులో తిప్పుతోంది. చేతిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“నేత్రా, ఆ సంచి ఆవలికి తీసుకోని పోమ్మా,” అంది.

“ఏమక్కా, మామిడిపండు నీకు చేదైపాయనా?” అని నేత్ర నవ్వింది. అప్పుడే ఆమె చేతిలో ఫోను మోగింది. శశి మామ. శశికుమార్ తాయమ్మకు ఆఖరి తమ్ముడు, వచ్చే నెల నేత్ర మెడలో తాళి కట్టబోయేవాడు. నేత్ర సంచీ ఫోనూ రెండూ పట్టుకుని, సిగ్గుపడుతూ వరండాలోకి పోయింది. తలుపు వేసుకుంది.

డాక్టర్ కుముద కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. నాన్న గని ఆఫీసులో గుమాస్తా. నాలుగు భాషలు కలిపి మాట్లాడుతుంది, ఎవరికి ఏది అర్థమైతే అది. ఈ రోజు మాత్రం తెలుగులోనే, నెమ్మదిగా మొదలుపెట్టింది.

“సుమా, కారణం దొరికింది. వినల్ల, ఓపికగా. మన ఒంట్లో ప్రతి కణమూ ఒక ఇల్లు అనుకో. అన్ని ఇండ్లలోనూ అవే గదులు. కంటికి కొన్ని గదులు తెరిచి ఉండల్ల, గుండెకు వేరేవి. పని లేని గదికి బీగం వేసేస్తాది ఒళ్ళు. డీఎన్‌ఏ మీద మిథైల్ అని చిన్నది ఒకటి అతుక్కుంటుంది, అదే ఆ బీగం. మిథైలేషన్ అంటే అంతే.”

సుమ తలూపింది. ఇంతవరకూ సరే.

“కొన్ని బీగాలు తల్లి తన అండంలోనే వేసి పంపల్ల. కొన్ని తండ్రి వేసి పంపుతాడు. గర్భం నిలిచినాక మొదటి దినాల్లోనే కణాలు రెండు దోవలు పడతాయి. కొన్ని బిడ్డ అవుతాయి, కొన్ని మాయ అవుతాయి. మాయ అయ్యే కణాలు ఎంత పెరగల్ల, యాడ నిలవల్ల, అదంతా ఈ బీగాలను బట్టే. తండ్రి నుంచి వచ్చింది పెరుగు, పెరుగు అంటాది. తల్లి నుంచి వచ్చింది చాలు, నిలువు అంటాది. తల్లి బీగాలు పడలేదనుకో, ఇంగ చాలు అనేవాళ్ళే లేరు. మాయ ఒకటే పెరిగిపోతాది. బిడ్డ నిలవదు.”

“నాలో బీగాలు లేవా మేడమ్?”

“నీలో ఉండాయి. మీ అమ్మ సరిగ్గా వేసి పంపింది. అందుకే నువ్వు బంగారంలాగ ఎదురుగా కూర్చోని ఉండావు. నీ అండానికి వేయాల్సి వచ్చినప్పుడు నీ చేత కాలేదు. ఆ పని చేయించే జన్యువు ఒకటి ఉండాది, అది చెడిపోయింది.”

సుమకు తల తిరిగింది. నాలో ఉన్నాయి, నేను వేయలేను. నేను బాగున్నాను, నాలో చెడింది. జబ్బు నాది, బయటపడేది నా కడుపులో పెరిగేదానిలో. ఇదేం లెక్క? రెండు వేళ్ళతో కణతలు నొక్కుకుంది. ఇంకోసారి చెప్పమని అడగబోయి, అడిగితే కడుపులో ఉన్నదాని గురించి ఏం వినాల్సి వస్తుందోనని నోరు మూసుకుంది. ఎడమచెయ్యి ఎప్పుడో పొత్తికడుపు మీదికి చేరింది. పైటకొంగు కప్పుకుంది.

“తాయమ్మా, మీదీ మీ ఆయనదీ దగ్గరి సంబంధమేనా?” అని అడిగింది డాక్టరు.

“దగ్గరేంది మేడమ్, సొంత మామనే చేసుకున్నాను. దాసప్ప మా అమ్మకు తమ్ముడు. ఎందుకట్ల అడగతా ఉండారు?”

“జన్యువులు జతగా వస్తాయమ్మా. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. మీకు ఒకటి మంచిది, ఒకటి చెడింది. మీ ఆయనకూ అంతే. ఒకటి మంచిదుంటే చాలు, పని జరిగిపోతాది. అందుకే మీకు ఏమీ తెలియలేదు. ఇద్దురిదీ చెడిందే బిడ్డకు వస్తే మాత్రం ఇట్ల. ఒకే ఇంటి రక్తమైతే ఆ అవకాశం ఎక్కువ.”

సుమ తల్లి వైపు తిరిగింది.

ఇక్కడ మీకో పాత సంగతి గుర్తు చేయాలి. ఈ శశి మామను మొదట అనుకున్నది సుమకే. కాలేజీలో సైన్సు చదివిన సుమ, రక్తసంబంధం చేసుకుంటే పిల్లలకు చెరుపు అని అడ్డం తిరిగింది. అమ్మమ్మ తిండి మానేసింది. మేనమామలు పెళ్ళికొచ్చి అన్నానికి చెయ్యి కడగకుండానే పోయారు. ఇన్నీ పడి, ఏ చుట్టరికమూ లేని మోహన్‌కుమార్‌ను ఏరికోరి చేసుకుంది. మూడు కడుపులు పోయినా, కనీసం నేను తప్పు చేయలేదు అన్న ఒక్క మాటే ఆమెకు ఊతంగా ఉండింది.

“అమ్మా,” అంది సుమ. “నేను మామను కాదన్నది దేనికి? దీనికి గదా? అందురితో మాటలు పడినాను. నువ్వే నన్ను ఎన్ని తిట్టినావు! నేను తప్పించుకుంటిని అనుకుంటిని. నా పెండ్లిలో ఏమీ లేదంట. నీ పెండ్లి నా కడుపులోకి వచ్చి కూర్చుందంట!”

“నన్నడిగి చేసినారేమే?” తాయమ్మ గయ్‌మని లేచింది. “లంగా వోణీ వేసుకోని తిరగతా ఉన్నదాన్ని పట్టుకోని పీటల మీద కూర్చోబెట్టినారు. నాకు యాడ తెలుసు ఇవన్నీ? మీ నాయన నన్ను ఒక మాట అన్న దినం లేదు. పట్టుపురుగులకు ఆకేసి వేసి ఆయన చేతులు చూడు ఎట్లయినాయో. ఆ మనిషిని చేసుకున్నందుకు నా బిడ్డ నన్ను నిలదీస్తా ఉండాది!” కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడుపులో కోపమెంతో, భయమెంతో ఆమెకే తెలియదు.

“ఎవురి తప్పూ గాదమ్మా,” అంది కుముద. “సుమా, నీకు మొగుడు మామ అయినా, పరాయివాడు అయినా ఇదే జరిగేది. దీనికి మొగవాడితో పనే లేదు. నీ అండంలోనే ఉండాది సమస్య.”

సుమకు తల్లి మీద కోపం నిలవలేదు. దేని మీద నిలవాలో దానికీ తెలియలేదు. సగం విన్నట్టు, సగం విననట్టు అడిగింది.

“ఇంగ దోవ లేదా మేడమ్?”

“ఉండాది. నీ గర్భసంచి బాగుండాది. ఇంకొకరి అండం తీసుకోని నీ కడుపులోనే పెంచొచ్చు, తొమ్మిది నెలలూ మోసి నువ్వే కంటావు. నీ సొంత అండంతో మాత్రం ఇంగ వద్దు. మళ్ళీ మళ్ళీ ఇట్లయితే ఆ మాయ కణాలు క్యాన్సరు దాకా తీసుకోని పోతాయి. ప్రయత్నమే చేయొద్దు. అర్థమాయనా?”

“ప్రయత్నం అయిపోయింటే?”

ఆ మాట ఇంత మామూలుగా ఎలా వచ్చిందో సుమకే తెలియదు. తాయమ్మ ఏడుపు టక్కున ఆగింది. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఎన్ని దినాలాయ?”

“రెండు నెలలు దాటింది.”

“నీకు చదువు రాదా సుమా? చెప్పినాను గదా నేను, ఒకటికి పదిసార్లు!” కుముదకు ఇంత కోపం వస్తుందని ఎవరూ అనుకోరు. మరుక్షణం ఆమె లేచి సుమ భుజం పట్టుకుంది. “లే. స్కాన్ రూముకు పోదాము. ఇప్పుడే.”

స్కాన్ గది ఆ పక్కనే, మధ్యలో తెర అడ్డం. మంచం మీద పడుకుని సుమ ఆ యంత్రాన్ని చూడనని పట్టుబట్టి పైకప్పు చూసింది. చూడకపోతే ఏం, ఏముంటుందో ఆమెకు కంఠతా వచ్చు. మూడుసార్లు చూసింది. యంత్రం తెరంతా నానిన సగ్గుబియ్యం చల్లినట్టు, తెల్లటి బుడగలు బుడగలుగా. చల్లటి జెల్లు పొట్ట మీద పడింది. డాక్టరు చెయ్యి అటు జరిగింది, ఇటు జరిగింది, ఒకచోట నిలిచింది.

ఎంతకూ మాట లేదు.

మూడుసార్లలో ఏ డాక్టరూ ఇంతసేపు మౌనంగా లేరు. ‘అయ్యో’ అనేవాళ్ళు, లేకపోతే ‘మీవాళ్ళెవరైనా వచ్చినారా’ అనేవాళ్ళు. ఈ మౌనమేమిటో అర్థంకాక సుమ తల తిప్పింది.

బుడగలు లేవు. నల్లగా, గుండ్రంగా ఒక చోటు. దాని అంచున చిక్కుడు గింజంత ఏదో అతుక్కుని ఉంది. దాని మధ్యలో ఏదో గబగబా మినుకుమంటోంది.

“అదేంది మేడమ్?”

“గుండె,” అంది కుముద. అని, తను అన్నమాట తనే నమ్మనట్టు యంత్రం కోణం మార్చి మళ్ళీ చూసింది. “గుండే. కొట్టుకుంటా ఉండాది. మాయ కూడా చూడటానికి మామూలుగానే ఉండాది.”

ఇంతకుముందే కదా ఈవిడ, నీ అండంలో బీగాలు పడవు, బిడ్డ నిలవదు అని చెప్పింది! ఇప్పుడు ఈవిడే గుండె అంటోంది. రెంటిలో ఏది నిజం? నిజం కాకపోయినా ఈ రెండోదే కావాలని కడుపులో పేగులన్నీ అరుస్తున్నాయి.

“నాకే అర్థం గాలేదు,” అంది డాక్టరు. తెలివైనవాళ్ళు ఆ మాట అంటే ఎంత భయమేస్తుందో! “ఆ జన్యువు జతలో రెండూ ఇంత చెడినవాళ్ళకు ఇట్ల కనిపించేది నూటికి ఏ ఒకరికో. చానా అరుదు. సుమా, ఆ రక్తం నీదే గదా? ఇచ్చింది నువ్వే గదా?”

“నేనే మేడమ్. ఇక్కడే, ఈ ఆస్పత్రిలోనే తీసినారు గదా.”

మంచం కాళ్ళవైపు నిలబడిన తాయమ్మ ఇనుప పట్టీని రెండు చేతులా పట్టుకుంది.

“ఆ రక్తం గడ్డకట్టిపోయిందంట,” అంది.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

“బెంగళూరు వాళ్ళు ఫోన్ చేసినారు, ఇంకోసారి కావల్లని. అప్పుడు నువ్వు మన ఊర్లోనే ఉండావు గదమ్మా, జ్వరమొచ్చి తెలివి లేకుండా పడుకోనుంటివి. రక్తం తీసే ఆయన డబ్బా తీసుకోని ఇంటికే వచ్చినాడు. మూడుసార్లు నీకు పోయిన రక్తం ఎంత! తెల్లగా పాలిపోయి పడుకోనుంటే మళ్ళీ సూది గుచ్చనిస్తానా? నా మనసు ఒప్పలేదు. నేత్ర చెయ్యి చాపించినాను.”

“నేత్రదా?” అంది కుముద.

“ఒకే కడుపున పుట్టినోళ్ళు గదా మేడమ్, ఒకటే రక్తం గదా, ఎవురిదైతే ఏమి అనుకుంటిని. పేరు అడిగినాడు, సుమ అన్నాను. నేత్రకు చెప్పలేదు. ఊర్లో అందురికీ రక్తం తక్కువుందేమో చూస్తా ఉండారు, నువ్వూ ఇయ్యమ్మా అని చెప్పినాను. ఇది ఇంత అవుతాదని నాకేం తెలుసు తల్లీ!” తాయమ్మ మోకాళ్ళ మీద కూలబడింది.

కుముద మాటలు లెక్కపెట్టినట్టు అంది.

“అట్లయితే చెడింది నేత్రావతి జన్యువు. ఆ అమ్మాయి ఎవురిని చేసుకున్నా సొంత బిడ్డ నిలవడం కష్టం. సుమ సంగతి మనకు తెలియనే తెలియదు. మూడుసార్లు అట్ల అయింది గాబట్టి సుమకూ ఉండొచ్చు. లేకనూ పోవచ్చు. ఈ గుండె ఇప్పుడు కొట్టుకుంటా ఉండాదని ఇంగ భయం లేదనీ చెప్పలేను. ఈ రోజే సుమ రక్తం, నా కండ్ల ముందర, నేనే తీస్తాను.”

ఇన్ని మాటల్లో సుమ విన్నది ఒక్కటే. లేకనూ పోవచ్చు.

చెడింది నాది కాదు! నా అండానికి బీగాలు పడినట్టున్నాయి, చాలు అని చెప్పేవాళ్ళు ఈ ఇంట్లో ఉన్నట్టున్నారు! లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చింది. జెల్లు పూసిన పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే పెద్దగా నవ్వింది. పెళ్ళయిన ఆరేళ్ళలో అంత నవ్వు నవ్విన గుర్తు లేదు.

ఆ నవ్వు మధ్యలోనే తెలిసింది, తను నవ్వుతున్నది చెల్లెలి కడుపు మీద అని. ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది. ఎత్తుకుని పెంచింది నేత్రను. చంకలోంచి దించితే ఏడ్చేది. అంత సిగ్గు వేసినా మూతి మీది నవ్వు మాత్రం పోలేదు. చేతిగుడ్డతో గట్టిగా తుడుచుకుంది, అప్పటికీ పోలేదు.

అదే సమయానికి గదుల మధ్య గుడ్డతెర పక్కకు జరిగింది. నేత్ర. మాటలు వినపడలేదు కానీ నవ్వు వరండా దాకా వినపడిందేమో, పరుగెత్తుకుంటూ వచ్చింది. అక్క నవ్వు చూసింది, కింద కూర్చుని ఏడుస్తున్న అమ్మను చూసింది, యంత్రం తెర మీద మినుకుమనే గింజను చూసింది. తనకు తోచిన అర్థం తను చేసుకుంది.

“అక్కా! కడుపా? బిడ్డేనా అది? ఈసారి బిడ్డేనా?” మంచం మీదికి వంగి సుమను గట్టిగా వాటేసుకుంది. “ఏమ్మా, సంతోషానికి కూడా ఏడవల్లనా నువ్వు? మేడమ్, బాగుండాది గదా? చెప్పండి మేడమ్!”

“గుండె కొట్టుకుంటా ఉండాది,” అంది కుముద. అది అబద్ధం కాదు.

“అబ్బా! నా పానం లేచొచ్చింది.” నేత్ర కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “అక్కా, నీకు ఇప్పుడు చెప్తాను. నీకొచ్చింది నాకూ వస్తాదేమో అని ఎంత భయపడి సస్తా ఉన్నానో తెలుసునా? ఇప్పుడు ఆడ వరండాలో నిలబడి మామతో చెప్తా ఉన్నాను, నాకు పెండ్లి వద్దు, నీకు బిడ్డల్ని ఇయ్యలేనేమో, ఇంకొకరిని చూసుకో అని. ఆ మనిషి ఏడ్చినాడక్కా ఫోన్లో. ఇంగ భయం లేదు. నీకు నిలిచిందంటే నాకూ నిలుస్తాది. ఇప్పుడే చెప్పేస్తాను.”

ఫోను తీసింది. కుముద ఒకడుగు ముందుకు వేసింది.

“నేత్రావతీ, ఒక నిమిషం ఆగమ్మా. నీతో ఒక మాట…”

సుమ మంచం మీదనుంచే చెయ్యి చాపి డాక్టరు మణికట్టు పట్టుకుంది. జెల్లు అంటిన వేళ్ళు, ఉడుంపట్టు.

“ఈ రోజు వద్దు మేడమ్,” అంది, చెల్లెలికి వినపడకుండా.

“హలో, మామా?” అంటోంది నేత్ర.